నామము ముద్రించిన కాగితము

గోదావరి వంతెన దాటి భద్రాచల రాముని సన్నిధికి పోవు యాత్రికులు సారపాక మీదుగా పోవుదురు. 1979లో ఉత్పత్తి ఆరంభమైన కాగితపు మిల్లు అచ్చటనే యున్నది. సుబాబుల్, జామాయిల్ కలప అందు గుజ్జై, కాగితమై, అట్టయై వెడలును. ఆవలి యొడ్డున స్నానఘట్టము. అట్టి ఘట్టములందు భక్తులు కొందరు సంచులు విప్పి, దేవుని పటములుగల పాత శుభలేఖలను, కేలండరులను నదిలో విడుతురు. చెట్టును కోసి చేసిన కాగితమును ఇట్లు నీటిపాలు చేయుట భక్తియగునా?

ఈ భక్తుల సంకోచము తేలికగా త్రోసివేయదగినది కాదు. శ్రీనివాసుని చిత్రమున్న కాగితమును చిత్తుకాగితములు కొనువానికి తూచి యిచ్చినచో, రేపది బజ్జీల పొట్లమగును. ఎవరి కాలిక్రిందనో పడును. ఆ భయముతోనే మా యింటను ఏండ్లతరబడి అట్టివన్నియు మూటగట్టి ఏటిలో విడిచితిమి. ఒకసారి నేను విడిచిన మూట విడిపోయి, మెరుపురేకు అంటించిన శుభలేఖలు మెట్లచెంతకే తిరిగివచ్చి బురదలో నిలిచినవి. స్నానమాడువారు వానిపైననే అడుగులు వేసిరి. ఏ యపచారమునకు వెఱచితినో అదియే నా చేతులమీదుగా జరిగినది.

పెద్దలు జీర్ణించిన తాళపత్రములను నదిలో విడువలేదా యని కొందరందురు. విడిచిరి, అందలి పాఠమును క్రొత్త ఆకులపై ఎత్తివ్రాసిన పిమ్మట విడిచిరి. అది తాటియాకు, దీపపుమసి. నేటి శుభలేఖపై ప్లాస్టిక్ పొర యున్నది, రంగులున్నవి, రేకున్నది.

అగ్నిపురాణము జీర్ణోద్ధార ప్రకరణమున, జీర్ణించిన దారుబింబమును అగ్నికిని, శిలాబింబమును జలమునకును విధించినది. ప్రతిష్ఠ పొందిన మూర్తికే ద్రవ్యమునుబట్టి విధి మారుచుండగా, ప్రతిష్ఠలేని అచ్చుబొమ్మ కన్నింటికిని నదియే గతి యనుట ఎట్లు? తిరుమల తిరుపతి దేవస్థానమువారు ఆలయములందు వినియోగమైన పుష్పములతో అగరువత్తులు చేయించుట 2021లో ఆరంభించిరి. దానివలన నిర్మాల్యము మన్నన కోల్పోయినదని ఎవరును తలపలేదు.

కాగితమునకు తగిన చోటు మిల్లులోని గుజ్జుతొట్టి. అందు పాత కాగితము నీటిలో నాని, చిలుకబడి, నారపోగులుగా విడిపోవును. అడుగునుండి గాలిబుడగలను పంపగా సిరా వానికంటుకొని నురుగై తేలును, దానిని తీసివేయుదురు. అక్షరము తొలగిన నార మరల కాగితమగును. అచ్చుసిరాను పోగొట్టి మరల కాగితము చేయు విధమును జర్మనీదేశపు పండితుడు యూస్టుస్ క్లాప్రోత్ 1774లోనే ప్రకటించెను. ప్రతి పర్యాయమును పోగు కురుచయగుటచే సుమారు ఐదారు సార్లకు మించి ఈ పని సాగదు. కావున క్రొత్త కలప అక్కరయే లేదనుట పొరపాటు. అక్కర తగ్గునని మాత్రము చెప్పవచ్చును. ఇంట కాల్చివేసినచో ఆ మిగిలిన పర్యాయములన్నియు పొగయగును.

తీసిన సిరా, మడ్డి ఏమగునన్నది మిల్లువారు చెప్పవలసిన లెక్క. శుద్ధిచేయక ఏటిలో విడిచినచో వారి కాలువకును నా మూటకును భేదమేమి? 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము వారిని బంధించినది. సర్వమును భగవంతునికి శేషమని నిత్యము పలుకు మనకు, నదియు చెట్టును ఆయన సొత్తేయని చెప్పుటకు చట్టము కావలయునా?

నా మట్టుకు, దోషము పారవేయునాడు కాక అచ్చువేయించునాడే మొదలగుచున్నదని తోచుచున్నది. పదిదినములలో చిత్తగు శుభలేఖపై, అగరువత్తుల పొట్లముపై స్వామిని ముద్రింపుమని ఎవరడిగిరి? మా యింట వివాహమునకు ఈసారి శుభలేఖపై శంఖచక్రములను సైతము వేయింపలేదు. బంధువులలో ఇద్దరు నొచ్చుకొనిరి. పాత కాగితములను వేరుచేసి, పొట్లములవారికి అమ్మక మిల్లుకే పంపుదునని మాటయిచ్చిన వర్తకునికి అప్పగించితిని. రేకు అంటించినవానిని అతడు తీసుకొనలేదు; అవి గుజ్జుకు పనికిరావట. ఆ కట్ట యింకను మా అటకమీదనే యున్నది.