కఫీల్

తాటిపాక సెంటర్లో నిలబడితే కువైట్ పరాయి దేశమనిపించదు. ఈ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లెందరో అక్కడి వంటిళ్లలో ఉన్నారు. దళితులున్నారు, బీసీలున్నారు, మావాళ్లూ ఉన్నారు. ఎవరికైనా జీతం ఆగిందనో, పాస్‌పోర్టు సేటు దగ్గరే ఉండిపోయిందనో కబురొస్తే జనం మా ముఖం చూస్తారు. "మీవాళ్లే కదండీ సాయిబుగారూ, ఇలా చేస్తారేంటండీ?" వార్త రాసేదీ మేమే, ముద్దాయిలమూ మేమే!

మొదట్లో కోపమొచ్చేది. కువైట్ సేటుకూ మాకూ ఏం చుట్టరికం? మా తాతలు ఈ కాలవగట్టు మీదే పుట్టారు. మేం అక్కడికి పోయినా ఆ తాళం వెనకే ఉంటాం. అలా అని తప్పించుకోవచ్చు. కానీ ఒక మాట గొంతుకు అడ్డంపడుతుంది. మా ఉర్దూలో కఫాలత్ అంటే దిక్కులేనివాళ్ల పోషణభారం మొయ్యడం. యతీముల్ని సాకే మనిషి కఫీల్. అంత మంచి మాట అక్కడ యజమాని పేరైంది. అతని అనుమతి లేకుండా ఇల్లు వదిలితే పారిపోయినట్టు కేసు.

చట్టాల్లేవా అంటే ఉన్నాయి. మన 1983 వలస చట్టం విమానం ఎక్కేదాకా కాగితాలు అడుగుతుంది. 2015లో కువైట్ కూడా ఇంటిపనివాళ్లకు చట్టం చేసింది. రోజుకు 12 గంటలు మించకూడదు, వారానికో సెలవివ్వాలి, పాస్‌పోర్టు దాచకూడదు. బాగానే ఉంది. ఫ్యాక్టరీకి గేటుంది, హాజరుపట్టీ ఉంది. వంటింట్లో గంటలు లెక్కెట్టేదెవరు?

మా ఇంట్లో అంట్లు తోమే ఆమె రెండేళ్లు కువైట్లో చేసొచ్చింది. ఓరోజు అడిగింది: "వారానికో సెలవని అక్కడ రాసైనా ఉందండీ. మరి ఇక్కడండీ?"

ఇక్కడ రాసి కూడా లేదు. కొన్ని రాష్ట్రాలు కనీస వేతనం ప్రకటించాయిగానీ, ఇంటిపనివాళ్లకంటూ దేశమంతటికీ ఒక ప్రత్యేక చట్టం లేదు. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థలో ఇంటిపనివాళ్ల ఒప్పందానికి మన ప్రభుత్వం ఓటేసింది, ధ్రువీకరించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, చట్టం సంగతి పరిశీలించేందుకు కమిటీ వెయ్యమని కేంద్రానికి చెప్పింది.

ఇవన్నీ ఆమెకేం చెబుతాం? మా ఆవిడ "నువ్వు మా ఇంటిమనిషివే కదమ్మా" అంది. ఆమె నవ్వి ఊరుకుంది. ఇంటిమనిషికి పండక్కి చీరపెడతాం, జ్వరమొచ్చి నాలుగు రోజులు రాకపోతే జీతం కోస్తాం. చెమట ఆరకముందే కూలివ్వాలని జుమ్మా బయానులో ఎన్నిసార్లు విన్నామో. కఫీల్ అన్న మాట పాడైనట్టే ఇంటిమనిషి అన్న మాటా మా నోట్లో ఎప్పుడో పాడైంది.

జీతం కొయ్యకుండా వారానికో రోజు సెలవని ఒప్పుకున్నాం. ఆదివారం కావాలంది, చర్చికెళ్లాలట. ఆ రోజు అంట్లు ఎవరు తోమాలన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.