వంకాయరంగు చీర

చిరంజీవి మనుమరాలికి,

ధర్మవరమునుండి నీ పెద్దవ్వ దీవించి వ్రాయు ఉత్తరము. మీ నాయనకు మోకాలి నొప్పి కొంత తగ్గినది. మరల మగ్గమునకు కూర్చుండుచున్నాడు.

సంక్రాంతికి నీవు వచ్చి పోయినది మొదలు ఈ యుత్తరము నా మనస్సులో మెదలుచునే యున్నది. నిరుడు సబ్బునురుగు పూసినగాని నీ చేతికెక్కని గాజులు, అదే కొలతవి, ఈ యేడు మణికట్టున నిలువక మోచేతిదాక జారినవి. తెల్లవారి యొక కాఫీ, ప్రొద్దుగ్రుంకి మరియొక కాఫీ, నడుమ "ఆకలి లేదవ్వా" యను మాట. ఉన్న నాలుగు దినములును ఇంతే. ఫోను మ్రోగినప్పుడెల్ల నీవు పెరటి మగ్గపుగదిలోనికి పోయి, తలుపు చేరవైచి, మెల్లగా మాటాడుట చూచితిని. ముఖము కడిగికొని తిరిగి వచ్చుటయు చూచితిని. అదేమని నేనప్పుడు అడుగలేదు, ఇప్పుడును అడుగుట లేదు. నా సంగతి యొకటి నీకు చెప్పవలసియున్నది. ఇంకను దాచుకొనుటకు నాకిక ప్రొద్దు లేదు.

నా ట్రంకుపెట్టె అడుగున మల్లుగుడ్డలో చుట్టియున్న వంకాయరంగు పట్టుచీరను నీవు చిన్ననాటినుండి యెరుగుదువు. మూడు నెలలకొకసారి నేను దానిని విప్పి, నీడన గాలికి వైచి, మడత మార్చి మరల చుట్టునప్పుడు, నీవు ప్రక్కన కూర్చుండి మామిడిపిందెల యంచును వ్రేలితో తడవుచు, "ఇంత మంచి చీర యెందుకు కట్టవవ్వా" యని యడిగెడిదానవు. పాతది, చిరుగునని చెప్పెడిదానను. అది అబద్ధము. ఆ చీర నేను కట్టినది 1965లో, నా పెండ్లినాటి సాయంకాలము, ఒక్కసారి.

మా నాయన గుంతమగ్గము మీద సావుకారుకు నేసెడివాడు. పట్టు సావుకారుది, జరీ సావుకారుది. మగ్గమును ఒళ్ళును మావి. చీర దింపి యిచ్చిన మాకు మజూరీ. ఈ యూర చాల ఇండ్లలో నేటికిని పద్ధతి ఇదియే. అమ్మ ఆసుపోయగా, నేను కండెలు చుట్టగా, నాయన గుంతలో కాళ్ళుంచి వారము పది దినములు కూర్చుండిన నొక చీర దిగెడిది. ఆ యేడు సావుకారు కూతురి పెండ్లికై, పడుగున నొక రంగు, పేకన నొక రంగు వేసి, వెలుగున నొక తీరును నీడన నొక తీరును తోచునట్లు నేసిన చీర మా యింటనే దిగినది. దాని కండెలన్నియు చుట్టినది నేను. పెండ్లిలో ఆ పిల్ల దానిని కట్టి నడచుచుండగా చూచి, నా చేతిమీదుగా పోయిన పట్టు నా వంటిమీదికి ఏల రాకూడదని పంతము పుట్టినది. "నాయనా, నాకూ అట్లాంటిదే కావాల" అంటిని. నాయన మగ్గమాపి నా ముఖము చూచి, "మనము నేసేవాళ్ళము పాపా, కట్టేవాళ్ళము కాదు" అనినాడు. ఆ మాట నన్ను మరింత మండించినది. రెండు దినములు అన్నము ముట్టలేదు. మూడవనాడు నాయన తలగుడ్డ చుట్టుకొని సావుకారు నొద్దకు పోయినాడు.

ఆ కోరిక తప్పని నేడును నేను అనను. నేసిన చేతికి కట్టుకొను హక్కు లేదని ఏ ధర్మమును చెప్పదు. నేను చేసిన తప్పు, దాని ఖరీదు ఎవరి యొంటినుండి పోవునో ఒక్కసారియైనను అడుగకపోవుట.

రెండువందల ఎనుబది రూపాయల పట్టును జరీయు అప్పుగా వచ్చినవి. నూటికి నెలకు రెండు రూపాయలు వడ్డీ. బాకీ తీరువరకు మా మగ్గము మరియొకరికి నేయరాదని షరతు. అంచు వేరు రంగున వెడల్పుగా నేయవలెనన్న, అంచునాడె అందించుటకు నేతగాని ప్రక్కన నొక పిల్లవాడు కూర్చుండవలెను. నా తమ్ముడు, మీ తాత, అప్పటికి పదునొకండేండ్లవాడు. ఆరవ తరగతిలో చేరి రెండు నెలలైనది. "అక్క చీర దిగేవరకు" అని వానిని బడి మాన్పించిరి. చీర దిగినది, పెండ్లియైనది, నేను హిందూపురమునకు కాపురము పోయితిని. ఆ యేడు వానలు లేవు. దేశమంతట కరువు వచ్చిన కాలమది; మామూలు యేడే 55 సెంటీమీటర్ల వానతో నెట్టుకొని వచ్చు మన జిల్లాలో, గింజలకు రేషను అంగడి ముందు వరుస కట్టు దినములలో, పట్టుచీర కొనువారెవ్వరు? మజూరీ తగ్గినది, వడ్డీ తగ్గలేదు. బాకీ తీరునప్పటికి 1971 వచ్చినది. తమ్మునికి పదునేడేండ్లు నిండినవి. మీసము మొలచినవాడు ఆరవ తరగతి బల్లమీద ఎట్లు కూర్చుండును?

నేను వ్రాయు ఈ భాష నీకు పాతదిగా తోచవచ్చును. నా భర్త హిందూపురమున తెలుగు పండితులు. అయిదవ తరగతితో ఆగిన నన్ను, దీపము ముందు కూర్చుండబెట్టి, ప్రతి రాత్రియు పద్యము చదివించి, తాత్పర్యము వ్రాయించి, తప్పులను ఎఱ్ఱసిరాతో దిద్దినారు. నాకు అక్షరములు పెండ్లితో వచ్చినవి; నా తమ్మునికి నా పెండ్లితోనే పోయినవి. మీ తాత ఈ సంగతి యెత్తి నన్ను ఒక్కనాడును ఒక్క మాటయు అనలేదు. చివరి దినములలో ఆసుపత్రి మంచము మీద దినపత్రికను చేతబట్టి, ఒక్కొక్క యక్షరమును వ్రేలితో ఆని చదువుచుండగా చూచి, నేను వరండాలోనికి పోయి యేడ్చితిని. వాడు నన్ను తిట్టియున్న నాకు కొంత తేలికగా నుండెడిది.

నా భర్త మాట వచ్చినది గనుక మరియొక సంగతి. పండితులకు ఉండినవి రెండు జతల ఖద్దరు పంచలు, మూడు జుబ్బాలు. ఒక జత వంటిమీద, ఒక జత దండెముమీద. రాత్రి కుంకుడుకాయ పులుసులో ఉతికి, తడియారక ముందే నాలుగు మూలలు సరిపట్టి లాగి మడచి, పరుపుక్రింద పెట్టిన తెల్లవారునప్పటికి ఇస్త్రీ చేసినట్లుండెడివి. చినిగినచోట నేనే రఫ్ఫు చేసెడిదానను. ఉద్యోగముండిన అన్ని యేండ్లును ఆయన అట్లే బడికి పోయిరి; ఆయన వచ్చుచుండగా వీథిలో చుట్టలు త్రాగువారు చుట్ట దాచుకొనెడివారు. ఆ మర్యాద గుడ్డ ఖరీదునుబట్టి వచ్చినది కాదని నేను కన్నులార చూచితిని.

పెండ్లియైన రెండవ యేడు ఆయన నన్ను లేపాక్షికి తీసికొనిపోయిరి. హిందూపురమునకు పదునైదు కిలోమీటర్ల దూరము. అచ్యుతదేవరాయల కాలమున, పెనుగొండ అధికారి యైన విరూపణ్ణ కట్టించిన ఆ వీరభద్రాలయపు మండపము క్రింద నిలిచి, మెడ నొప్పి పుట్టువరకు కప్పుమీది చిత్రములు చూచితిని. నాలుగువందల యేండ్లనాటి ఆడువారు అచట కట్టిన చీరలు, ఆ గళ్ళు, ఆ చారలు, ఆ పూలు, ఆ యంచులు, ఏ ఒక్కటియు రెండవదానివలె లేదు. మన నేతగాండ్రు ఆ కప్పునుండి యెన్ని యంచులు మగ్గముమీదికి దింపుకొనిరో! నాకు చీరలకంటె ఆ స్త్రీల నిలుపు గుర్తున్నది. నిండైన భుజములు, వెడల్పైన కన్నులు, భూమిని గట్టిగా త్రొక్కిన పాదములు. కడుపు మాడ్చుకొన్న రూపము ఆ కప్పున నాకు ఒక్కటియు కనబడలేదు. చిత్రకారుడు చీర వారికి తగినట్లు వ్రాసినాడు. చీరకు తగినట్లు వారిని చెక్కలేదు.

ఈ కాలము తీరు చూచిన నాకు భయము కలుగుచున్నది. మేము గుడ్డను చేతితో నలిపి, వెలుగునకు పట్టి, నేత లెక్కించి కొనెడివారము. ఇప్పుడు ఫోనులో బొమ్మ చూచి కొందురు, ఫోనులో బొమ్మ తీయుటకు కట్టుదురు, బొమ్మ తీసిన మరునాడు దానిని మరతురు. ఆ బొమ్మలోనైనను ముఖము తమది గాదు. నునుపుచేసి, సన్నముచేసి, తెల్లబరచిన మరియెవరిదో ముఖము. చేనేతకు కొన్ని బట్టలను కేటాయించుటకు 1985లో పార్లమెంటు చట్టము చేసి, దాని క్రింద చీరను చేర్చినను, మరమగ్గముపై గంటల లెక్కన దిగిన చీరలు మన యూరి పేరుతోనే అంగళ్ళలో వ్రేలాడుచున్నవి. పది దినములు కూర్చుండి నేసిన మీ నాయన చీరను వానితో పోల్చి బేరమాడుచున్నారు. అన్నిటికంటె నన్ను కలచునది ఈ వాయిదాల కొనుగోలు. నెలకింతే యని చిన్న యంకె పెద్దగా చూపి, పెద్ద యంకెను చిన్న అక్షరములలో దాతురు. మా సావుకారు కఠినుడే. ఐనను ఎదుట కూర్చుండి లెక్క వ్రాసెడివాడు, మా నాయన ముఖము చూడవలసి వచ్చినప్పుడు తల వంచుకొనెడివాడు. నేటి సావుకారు ఫోనులో నుండును. వానికి ముఖము లేదు, వానికి మన ముఖము కనబడదు.

ఇక సూటిగా చెప్పెదను, వినుము.

ముందు తిండి. నీ గదిలో మందపు గిన్నె యొకటి, మూకుడొకటి, గట్టి తెడ్డొకటి యున్న చాలును. అర గ్లాసు బియ్యము కడిగి, అరగంట నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్ళలో మెత్తగా ఉడికించి, ఉప్పు వేసి, ఒక గ్లాసు రాగిపిండి నడుమ కుప్పగా పోయుము. అప్పుడే కలుపకుము, కలిపితివా, ఉండలు కట్టును. తెడ్డు కాడతో కుప్పలో ఒక బెజ్జము చేసి, మూతపెట్టి, సన్నని సెగన పది నిమిషములుంచి, దింపి, గిన్నెను కాళ్ళతో అదిమిపట్టి బలముకొలది గెలుకుము. చేయి తడిచేసికొని ముద్దలు కట్టుము. రాత్రికి రెండు తిని, మిగిలినది నీళ్ళలో వేసి, తెల్లవారి మజ్జిగ పోసి, ఉప్పును ఎఱ్ఱగడ్డ ముక్కలును చేర్చి పిసికి త్రాగుము. ఇక కాఫీ నీకు గుర్తురాదు. రాగులలో ఉన్న కాల్షియము అంతే తూకము పాలలో ఉన్నదానికి రెట్టింపు పైచిలుకు. సన్నబడవలెనని సంగటి మానినవారు నాకు తెలిసినంతలో సన్నబడలేదు, నీరసపడిరి.

సంగటికి ఊరిబిండి చాలును: వేయించిన చెనక్కాయ విత్తనములు పిడికెడు, ఎండుమిరపకాయలు నాలుగు, ఉసిరికాయంత చింతపండు, తెల్లగడ్డ రెండు పాయలు, ఉప్పు, నీళ్ళు చిలుకరించి నూరి, చివర పచ్చి ఎఱ్ఱగడ్డ వేసి ఒక్క తిప్పు తిప్పుము. ఉదయము తీరిక లేదందువు. బొరుగులు నీళ్ళలో ముంచి పిండి, పోపులో ఎఱ్ఱగడ్డ, పచ్చిమిరప, పసుపు వేగిన తరువాత కలిపి, పైన పప్పులపొడి చల్లి నిమ్మకాయ పిండిన ఉగ్గాని పావుగంటలో అగును. పావుగంట నీకున్నది, అద్దము ముందు అంతకంటె ఎక్కువ నిలుచుట నేను చూచితిని.

బట్టల మాట. ఆఫీసుకు నూలుబట్టలు అయిదు జతలు, మంచివి, నీ కొలతకు కుట్టించినవి చాలును. బట్టను వంటికి కుట్టింతురు గాని వంటిని బట్టకు కత్తిరింపరు. రంగుబట్టను మొదటిసారి ఉప్పునీళ్ళలో విడిగా జాడింపుము. అత్తరును ఆ చిమ్ముడు సీసాలను జరీమీద ప్రయోగింపకుము, నల్లబడును. పట్టు కొనునప్పుడు ఒక్క పోగు లాగి వెలిగించి చూడుము: పట్టు ఐనచో వెండ్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వ్రేళ్ళమధ్య నలుగును; పాలిస్టరైనచో కరిగి గట్టి పూసవలె నిలుచును. సిల్కుమార్కు పట్టు శుద్ధమని మాత్రమే చెప్పును, చేనేత యని చెప్పదు. చేనేతకు హ్యాండ్లూమ్ మార్కు వేరుగా నుండును. నీ స్నేహితురాండ్రకును ఇది చెప్పుము. తలకు వారమునకొకసారి నూనె పెట్టుము. కన్నులక్రింద నలుపుకు రంగు పూయక నిద్రపొమ్ము.

చివరి మాట, అన్నిటికంటె ముఖ్యమైనది. ఒక తెల్లకాగితము తీసికొని, ఎవరికి ఎంత ఈయవలెనో, నెలకెంత పోవుచున్నదో, వడ్డీ ఎంతయో, ఒక్కటియు విడువక నీ చేతితో వ్రాయుము. ఆ కాగితము పూర్తియగువరకు క్రొత్తది ఒక్క చేతిరుమాలైనను వాయిదాలమీద కొనకుము. ఆ ఫోనులోనివారు బెదిరించుచున్నచో వారి మాటలను అట్లే పదిలపరచుము, చెరిపివేయకుము. కాగితము ఎవరికిని పంపక నీవే నా యొద్దకు తెమ్ము. పండితుల పింఛనులో నేను తినగా మిగిలినది పోస్టాఫీసులో నున్నది. వడ్డీ యెక్కువగలది మొదట తీర్చుదము. మీ నాయనకు నేను చెప్పను. నీవే చెప్పవలెను, నేను ప్రక్కన కూర్చుందును. ఆయన కోపపడడు. ఆయనకు తెలియక, ఏదో యొకనాడు ఇంటి గడపకు వచ్చినవారివలన తెలిసి, ఆ మోకాళ్ళతో మరి నాలుగు గంటలు గుంతలో కూర్చుండుట నేను చూడలేను. అట్టిది ఒకసారి చూచితిని.

బెంగళూరులో సాయంకాలము ఎక్కిన బండి హిందూపురము, పెనుగొండ దాటి రాత్రికే ధర్మవరము చేరును. శనివారము రమ్ము. స్టేషనుకు నేను వచ్చెదను. సంగటి వండియుంచెదను.

నీ పెద్దవ్వ