పంపకంలో న్యాయం

అందరికీ చాలని దానిని పంచవలసి వస్తే ఎవరికివ్వడం న్యాయం? పాతవారికా, కొత్తవారికా? అమెరికా పాల ఉత్పత్తుల దిగుమతి నిబంధనలు చదువుతుంటే సెమినరీలో విన్న అరిస్టాటిల్ పాఠం జ్ఞాపకం వచ్చింది.

1995 నుండి అక్కడి పద్ధతి ఇది. చీజ్, వెన్న, పాలపొడి వంటివి ఏటా ఒక పరిమాణం వరకే తక్కువ సుంకంతో రానిస్తారు. అది దాటితే సుంకం చాలా ఎక్కువ. (చీజ్ అంటే మన జున్ను కాదు సుమా!) తక్కువ సుంకంతో తెచ్చుకోవాలంటే వ్యవసాయ శాఖ లైసెన్సు కావాలి. అది చేతికొస్తే రెండు సుంకాల మధ్య తేడా లాభంగా మిగలవచ్చు. అందుకే అంత పోటీ.

కొన్ని లైసెన్సులు పూర్వంనుండి తెస్తున్నవారికే ఏటేటా దక్కుతాయి. కొన్నిటికి ఎగుమతి చేసే దేశమే దిగుమతిదారుని సూచిస్తుంది. మిగిలినవాటికి లాటరీ తీస్తారు. మంజూరైన సరుకులో 85 శాతమైనా తేకపోతే లైసెన్సు నిలవదు.

ఎవరి యోగ్యతకు తగిన వాటా వారికివ్వడమే న్యాయమన్నాడు అరిస్టాటిల్. ఆ యోగ్యత ఏమిటన్న దగ్గరే జనం తగవులాడుకుంటారనీ ఆయనే అన్నాడు. “ఏళ్ల తరబడి తెస్తున్నాను, గిడ్డంగులు కట్టాను, పనివారిని పెట్టుకున్నాను” అంటాడు పాత వ్యాపారి. అందులో నిజం ఉంది. కాని నిన్న లోపల ఉన్నవాడే నేడూ లోపల ఉండాలంటే, ఈ ఏడే వ్యాపారం మొదలుపెట్టినవాడు చేసిన తప్పేమిటి?

లాటరీని జూదమని తీసిపారేసేవారున్నారు. నేను అలా అనను. పంపకంలో మాట కుదరనప్పుడు చీట్లు వేసుకోవచ్చునని పునీత తోమాసు అక్వినాసు వారు అంగీకరించారు. చీటీ లంచం పుచ్చుకోదు, ముఖం చూడదు. అయితే అవసరం ఎవరిదో కూడా చూడదు గదా!

ఇంతకూ ఆ హద్దు గీసింది పాడిరైతు కోసం. వరుసలోనూ, చీట్లలోనూ అతని పేరు ఉండదు. మన దేశంలోనూ పాలపొడికి ఇటువంటి కోటా ఉంది: 10,000 టన్నుల వరకు 15 శాతం సుంకం, దాటితే 60 శాతం. 2020 జూన్‌లో, కోవిడ్ వల్ల హోటళ్లు మూతబడి సహకార సంఘాల వద్ద పాలపొడి పేరుకుపోయిన సమయంలో, ఈ కోటా కింద దిగుమతికి అనుమతించారు. రైతు సంఘాలు అభ్యంతరం చెప్పాయి. లైసెన్సు ఎవరికన్నది ఎంత న్యాయంగా తేల్చినా, తలుపు తీయవలసిన వేళ అదేనా అని అడిగే హక్కు వారికుంది. రెండు గేదెలతో బతికే ఇంటికి కోటా ఎవరికి దక్కిందో తెలియదు. ఆ పక్షం పాలకేంద్రంలో లీటరుకు ఎంత కట్టారో మాత్రం తెలుస్తుంది.