బిడ్డ అడిగిన ప్రశ్న

చదువవలసిన భాగము: నిర్గమకాండము 12:21–28

యూదుల పస్కా బల్లయొద్ద ఇంటిలోని కడగొట్టు బిడ్డ ఆ రాత్రి విశేషమేమని అడుగును. దానికి జవాబుగా పెద్దలు విమోచన కథ చెప్పుదురు. ఇందుకొరకే హగ్గాదా గ్రంథము కూర్చబడినది.

18వ శతాబ్దాంతమున అలెప్పోనుండి షాలోమ్ కోహెన్ అను యూదా వర్తకుడు సూరతునకు వచ్చి, 1798లో కలకత్తా చేరెను. ఊరు మారినను పస్కా మారదు, భాష మారవచ్చును. 1846లో బొంబాయిలో హగ్గాదా మరాఠీ అనువాదముతో అచ్చుపడెను. బెనె ఇశ్రాయేలు పిల్లల ఇంటి భాష అదియే. బిడ్డకు తెలియని భాషలో చెప్పిన జవాబు జవాబు కానేరదు.

నేడు సూరతులో మగ్గముల పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు కలవు. అట్టి యింటి బిడ్డ ప్రభురాత్రి భోజనపు బల్లను చూచి, “నాన్నా, ఈ రొట్టె ఎందుకు?” అని అడిగినచో, “ఊరుకో” అనుట సులభము. బొమ్మల పుస్తకమొకటి చేతికిచ్చి తప్పించుకొనుటయు సులభమే. పుస్తకము మేలైనదే; అయితే మోషే జవాబు చెప్పు భారమును పెద్దలపైనే ఉంచెను. క్రీస్తే మన పస్కా (1 కొరింథీ 5:7). ఆయన రక్తము క్రింద ఆశ్రయము పొందిన తండ్రికి మాటలు కొదువ కావు. జవాబు తోచని తండ్రి, తానింకను గుమ్మము వెలుపలనే నిలిచియున్నాడేమో పరీక్షించుకొనవలెను.

ప్రార్థన: ప్రభువా, మా బిడ్డలు అడుగు దినమున మా నోట జవాబును, మా బ్రదుకున దాని సాక్ష్యమును ఉంచుము. ఆమేన్.