విహారమా, తీర్థమా: పిల్లలతో కలిసి చేసే యాత్ర

విహారయాత్రకూ ధర్మయాత్రకూ తేడా ఎక్కడుందన్న ప్రశ్న తెలుగు నేల మీద రాతిలో చెక్కి ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీది అశోకుని ఎనిమిదో శాసనం దాని గురించే. పూర్వపు రాజులు వేటకూ వినోదానికీ విహారయాత్రలు చేసేవారనీ, తాను మాత్రం పట్టాభిషేకమైన పదేళ్లకు సంబోధికి, అంటే బోధ్ గయకు, వెళ్లాననీ, అప్పటి నుంచి తనవి ధర్మయాత్రలయ్యాయనీ ఆ చక్రవర్తి చెప్పుకున్నాడు. ఆ యాత్రల్లో శ్రమణులనూ బ్రాహ్మణులనూ దర్శించాడు, వృద్ధులను పలకరించి దానాలు చేశాడు, పల్లెజనంతో ధర్మం గురించి మాట్లాడాడు. ఈ పనుల్లోనే తనకు ఎక్కువ సంతోషం దొరికిందనీ చెప్పాడు. అంటే సంతోషాన్ని ఆయన యాత్ర నుంచి తీసేయలేదు, దాన్ని ఎందులో వెతకాలో మార్చాడు.

విజయవాడలోనో గుడివాడలోనో తెనాలిలోనో ఒక కుటుంబం వేసవి సెలవుల్లో బడి ఈడు పిల్లనో పిల్లవాడినో తీసుకుని కారులో కాశీ మీదుగా నేపాల్ వెళ్దామనుకున్నప్పుడు ఇదే ప్రశ్న ఇంటికి వస్తుంది. తాతా బామ్మలకు అది పశుపతినాథుడి దర్శనం, పిల్లలకు పోఖరా సరస్సులో పడవ, మంచు కొండలు. ఒకే బండిలో రెండు యాత్రలు సాగుతున్నట్టు కనిపిస్తుంది. ఈ రెండూ ఒకటి కాగలవా, పిల్లల సౌకర్యం కోసం నియమం సడలితే ఫలం తగ్గుతుందా, అసలు తనంతట తాను సంకల్పించని పిల్లవాడు యాత్రికుడేనా అన్నవి ఆ ఇంటివారి ముందుండే ధర్మసందేహాలు.

దారి మాత్రం కొత్తది కాదు. హైదరాబాద్, నాగపూర్, జబల్పూర్, ప్రయాగ, కాశీ అన్న వరుసలో తెలుగువారు రోడ్డు మీద వెళ్లడం ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'లో దినచర్యలాగా నమోదైంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. కుటుంబం, పరివారం కలిపి సుమారు వంద మంది. ఆయన ప్రయాణం పల్లకీలో. ఆ పుస్తకంలో దేవుళ్లతో సమానంగా బియ్యం దొరికే ఊళ్లు, నీటి వసతి, బోయీల కూలి, వాగులు దాటే తీరు ఉంటాయి. ఏర్పాట్లు చూసుకోవడం భక్తికి తక్కువ పని అని ఆయన ఎక్కడా అనుకోలేదు. ఆ దృష్టి ఈనాటి కుటుంబానికీ పనికొస్తుంది.

బండి ఎక్కి వెళ్లే యాత్రకు ఫలం ఉందా అన్నది శాస్త్రం నేరుగా చర్చించిన విషయం. మత్స్యపురాణంలోని ప్రయాగ మాహాత్మ్యం ప్రకారం ఐశ్వర్యం చూపుకోవడానికో, లోభంతోనో, మోహంతోనో వాహనమెక్కి వెళ్లేవాడికి ఆ తీర్థం నిష్ఫలం. ధర్మనిబంధాలు ఉదహరించే మరో వచనం లెక్క కట్టి మరీ చెబుతుంది: వాహనం సగం ఫలాన్ని తీసుకుపోతుంది, గొడుగూ చెప్పులూ అందులో సగాన్ని, దారిలో చేసే వ్యాపారం మూడు పాళ్లను, ఇతరుల నుంచి దానం పుచ్చుకోవడం మొత్తాన్నీ. ఈ వరుసను జాగ్రత్తగా చూస్తే నింద ఎక్కువగా దేని మీద పడిందో తెలుస్తుంది. కాళ్లకు సుఖమివ్వడం చిన్న లోపం, యాత్రను లాభంగా మార్చుకోవడం పెద్ద లోపం. మత్స్యపురాణం కూడా వాహనానికి ముందు ఐశ్వర్యలోభమోహాలను పేర్కొంది. నడవలేని వృద్ధురాలూ ఎనిమిదేళ్ల పిల్లా ఉన్న కారుకు ఆ నింద తగలదు. తీర్థం నుంచి ఊరివారికి చూపించుకోవడానికే ఫొటోలు తీసుకుని వచ్చే యాత్రకు, కాలినడకన వెళ్లినా సరే, తగులుతుంది.

మహాభారతం అరణ్యపర్వంలో పులస్త్యుడు భీష్ముడికి తీర్థాల గురించి చెబుతూ పెట్టిన కొలత కూడా ఇలాంటిదే. యజ్ఞాలకు ధనమూ సంభారాలూ కావాలి, పేదవాడికి అవి అందవు. తీర్థయాత్ర పేదవాడికి కూడా అందే ధర్మం, యజ్ఞాలను మించింది. అయితే చేతులూ కాళ్లూ మనసూ అదుపులో ఉన్నవాడికే, దొరికినదానితో తృప్తి పడేవాడికే, అహంకారం లేనివాడికే దాని ఫలం. ఈ కొలతలో దూరం లేదు, వాహనం లేదు, ఖర్చు లేదు. ఉన్నది యాత్రికుడి నడవడి ఒక్కటే.

విదేశం అన్న మాటకు ధర్మశాస్త్రంలో ఉన్న అర్థం వేరు, సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర ఉన్న అర్థం వేరు. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనహేతువుల్లో చేర్చింది. అదే సూత్రం కళింగం వంటి దేశాలకు వెళ్లి వచ్చినవారికి కూడా ప్రాయశ్చిత్తం విధించింది. ఆ లెక్కన చూస్తే శ్రీకాకుళం వైపు ప్రయాణమే దోషం! తర్వాతి స్మృతికారులు ఈ చిక్కును విప్పారు: అంగ, వంగ, కళింగ, సౌరాష్ట్ర, మగధ దేశాలకు తీర్థయాత్ర కోసం తప్ప వెళ్లరాదన్నారు. గయ ఉన్నది మగధలోనే కాబట్టి ఈ మినహాయింపు లేకుంటే తెలుగువారి కాశీ గయ యాత్రే లేదు. దేశాన్ని బట్టి కాక ప్రయోజనాన్ని బట్టి ప్రయాణాన్ని తూచడం అప్పటికే స్థిరపడిందని దీనివల్ల తెలుస్తుంది.

సంకల్పం చెప్పే తీరులో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. విజయవాడలో పురోహితుడు సంకల్పం చెప్పించేటప్పుడు శ్రీశైలానికి ఈశాన్యంగా, కృష్ణా గోదావరుల మధ్య దేశంలో ఉన్నామని అనిపిస్తాడు. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ పొడవు 1.2 కిలోమీటర్ల పైచిలుకు. అది దాటి తాడేపల్లిలో అడుగుపెడితే మాట మారుతుంది, అక్కడి నుంచి కృష్ణా కావేరుల మధ్య దేశం. కాశీలో గంగ పడమటి ఒడ్డు వస్తుంది. అమెరికాలోని తెలుగు పురోహితుల్లో చాలామంది జంబూద్వీపం బదులు క్రౌంచద్వీపం అని చెప్పిస్తారు. నేపాల్‌లో మాత్రం అంత మార్పు అక్కర్లేదు. సముద్రానికి ఉత్తరంగా, హిమాలయానికి దక్షిణంగా ఉన్నదంతా భారతవర్షమని విష్ణుపురాణం హద్దులు చెప్పింది కాబట్టి ఖాట్మండు లోయ ఆ హద్దుల్లోనిదే. ప్రభుత్వం లెక్కలో విదేశమైనది సంకల్పం లెక్కలో స్వదేశం. పిల్లవాడికి ఈ రెండు లెక్కలూ చెప్పాలి. ఒకటి అబద్ధం, మరొకటి నిజం అని చెప్పకూడదు. నేపాల్ వేరే దేశమనీ, దాని చట్టమూ గౌరవమూ దానివేననీ తెలియడం కూడా ధర్మంలో భాగమే.

ఆ చట్టం సంగతులు తేలికైనవే. 1950 నాటి శాంతి స్నేహ ఒప్పందం వల్ల భారతీయులకు నేపాల్ వెళ్లడానికి వీసా అక్కర్లేదు. పెద్దలకు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉంటే చాలు. 15 ఏళ్ల లోపు పిల్లలకూ 65 దాటినవారికీ ఆ రెండింటి పట్టింపు లేదు, వయసు తెలిపే ఫొటో గుర్తింపు పత్రం సరిపోతుంది. 15 నుంచి 18 ఏళ్ల మధ్యవారికి బడి ప్రిన్సిపాల్ ఇచ్చే ధ్రువపత్రం చెల్లుతుంది. సునౌలి దగ్గర కారుకు భన్సార్ అనే కస్టమ్స్ రుసుము ఎన్ని రోజులుంటే అన్ని రోజులకూ కట్టాలి. గడియారం 15 నిమిషాలు ముందుకు తిప్పుకోవాలి. రోజులు తక్కువ చెప్పి రుసుము తగ్గించుకోవడమో, ఎవరి చేతిలోనో నోటు పెట్టి వరస దాటడమో వెనక సీట్లోంచి చూసే పిల్లవాడికి పశుపతినాథుడి గుడిలో ఏ బోధ చేసినా అంటదు. చేతులు అదుపులో ఉండాలన్న పులస్త్యుడి మాటకు పరీక్ష గర్భగుడి కన్నా ముందు ఈ కౌంటరు దగ్గరే జరుగుతుంది.

ఇక పిల్లల అధికారం. గౌతమ ధర్మసూత్రం ఉపనయనానికి ముందు బాలుడికి నడతలో, మాటలో, తిండిలో నియమం లేదని విడిచిపెట్టింది. తీర్థం చేరిన రోజు ఉపవాసం, క్షౌరం వంటివి పెద్దల విధులు. వాటిని పిల్లల మీద రుద్దడానికి శాస్త్రం ఆధారం కాదు. కానీ నియమం లేనంత మాత్రాన యోగ్యత లేదనీ అనలేం. కఠోపనిషత్తులో తండ్రి ఎండిపోయిన ఆవులను దానమిస్తుంటే ఇది తప్పు కదా అని తోచినది నచికేతుడికి. శ్రద్ధ ప్రవేశించింది ఆ కుర్రవాడిలో, యజ్ఞం చేస్తున్న పెద్దవాడిలో కాదు. ఈ రెండు గ్రంథాలనూ కలిపి చదివితే వచ్చే నిర్ణయం ఇది: పిల్లలకు విధి లేదు, శ్రద్ధకు మాత్రం అర్హత పూర్తిగా ఉంది. సంకల్పంలో సహకుటుంబంగా అన్నప్పుడు పిల్లవాడు ఆ మాటలో ఉన్నాడు. పుణ్యంలో వాటా ఉన్నవాడికి ప్రణాళికలో మాట ఉండకూడదనడం న్యాయం కాదు.

కాబట్టి రోజుకు ఎన్ని గంటలు కారు నడపాలి, ఎక్కడ ఆగాలి, ఏ పూట ఏం తినాలి అన్న నిర్ణయాల్లో పిల్లవాడి శక్తే కొలత కావాలి. కాశీలో తెల్లవారుజామున మంగళహారతి చూడాలని నిద్రమత్తులో ఉన్న పిల్లను కసిరి లేపే బదులు సాయంత్రం దశాశ్వమేధ ఘాట్ హారతికి తీసుకెళ్లడం రాజీ కాదు. తాను చూడాలనుకున్నదాన్ని పిల్ల కోసం వదులుకున్న తల్లి చేసింది ఉపవాసానికి సాటి వచ్చే నియమం. కాశీ మానససరోవర్ ఘాట్ దగ్గరి శ్రీరామ తారక ఆంధ్రాశ్రమంలో పప్పూ పచ్చడీ దొరికితే వారం రోజులుగా ముద్ద సరిగా తినని పిల్ల కడుపు నిండా తింటుంది. ఆ పూట ఒక గుడి దర్శనం తప్పినా నష్టం లేదు.

కాలనిర్ణయంలో ఇంటి ధర్మానికీ సెలవులకూ పేచీ వస్తుంది. ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా బడులకు సెలవులు, కానీ ఆ రోజుల్లో నాగపూర్ దారి నిప్పుల కొలిమి. వర్షాలు మొదలయ్యాక నేపాల్ కొండదారుల్లో చరియలు విరిగిపడతాయి. సంక్రాంతి సెలవుల్లో ఉత్తరాదిన పొగమంచు. అన్ని విధాలా అనుకూలమైనవి దసరా సెలవులే, అయితే అవి ఇంద్రకీలాద్రి మీద శరన్నవరాత్రులు జరిగే రోజులు. మూలా నక్షత్రం నాడు సరస్వతీ అలంకారంలో ఉన్న కనకదుర్గమ్మను చూడ్డానికి పిల్లలను తీసుకెళ్లే బెజవాడ వాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఇంటి దగ్గరి అమ్మవారిని పండుగపూట విడిచి దూరపు దేవుడి దగ్గరకు పోవడం తప్పని కొందరి భావన. ఆ భావనకు విలువ ఉంది. మూలా నక్షత్రం దర్శనం అయ్యాక బయలుదేరడం దానికి మంచి దారి, ఆ సరికి నేపాల్‌లో కూడా దశైం పేరుతో దుర్గాపూజలే జరుగుతుంటాయి.

క్షేత్రాల ఎంపికలోనూ శక్తి చూసుకోవాలి. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో సాలగ్రామ క్షేత్రంగా లెక్కించే ముక్తినాథ్ 3,700 మీటర్ల పైన ఉంది. కృష్ణా డెల్టా సముద్రమట్టానికి కాస్తే ఎత్తు. అక్కడ పెరిగిన పిల్లలను ఒక్కసారిగా ఆ ఎత్తుకు తీసుకెళ్తే తలనొప్పి, వాంతులు, ఆయాసం రావచ్చు. మధ్యలో ఆగుతూ వెళ్లాలి, లక్షణాలు కనిపిస్తే వెంటనే దిగిపోవాలి. సరిహద్దుకు దగ్గరలో ఉన్న లుంబిని పిల్లలకు ఎక్కువ అందుతుంది. ధర్మయాత్ర అన్న మాట చెక్కించిన అశోకుడు పట్టాభిషేకమైన ఇరవయ్యో ఏట తానే వచ్చి పూజించి నిలిపిన స్తంభం అక్కడ ఉంది. అక్కడ జరిగిన బుద్ధుడి పుట్టుకను అమరావతి శిల్పులు చెక్కిన ఫలకం ఒకటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో పసిబిడ్డ ఆకారం ఉండదు, పరిచారకులు పట్టుకున్న వస్త్రం మీద చిన్న చిన్న పాదాల గుర్తులు మాత్రం ఉంటాయి. ఆ ఫలకం బొమ్మను ఇంట్లోనే చూపించి తీసుకెళ్తే, కృష్ణ ఒడ్డున పుట్టిన పిల్లకు లుంబిని పరాయి చోటు కాదు.

గయలోనో కాశీలోనో ఒక పండూ ఒక కూరా వదిలేయడం తెలుగువారి ఆచారం. పిల్లల చేత కూడా ఏదో ఒకటి వదిలించాలని పెద్దలు ముచ్చటపడతారు. త్యాగం అర్థమయ్యేలోపు చేయించిన త్యాగం వాళ్లది కాదు, చేయించినవారిది. జీవితాంతం మామిడిపండు తినకూడదన్న మాటను ఏడేళ్ల పిల్లవాడి నోట అనిపించడం ఆచారానికీ మేలు చేయదు. తానే అడిగి, తానే ఎంచుకుంటే కాదనక్కర్లేదు.

దారిలో జ్వరమొచ్చి గోరఖ్‌పూర్ నుంచే వెనక్కి తిరగాల్సి వస్తే యాత్ర వ్యర్థమైనట్టేనా అన్నది చివరగా మిగిలే సందేహం. ధర్మమార్గంలో మొదలుపెట్టిన ప్రయత్నానికి నాశం లేదన్న గీతా రెండో అధ్యాయం అభిప్రాయం ఇక్కడ సూటిగా వర్తిస్తుంది. కాశీ వెళ్లివచ్చినవారు ఇంట్లో గంగపూజ చేసి బంధుమిత్రులకు సమారాధన పెడతారు. సగంలో తిరిగొచ్చినవారు కూడా తెచ్చుకున్న గంగతో ఆ పూజ చేసుకోవచ్చు. ఆ పంక్తిలో పిల్లవాడి స్నేహితులకు కూడా విస్తరి వేయాలి, కాలభైరవుడి దారాలు వాడి చేతే పంచిపెట్టించాలి.