వెనకాల వచ్చేవాడి లైటు

మా పెదనాన్న బుల్లెట్‌లోంచి నేను పీకేసిన వైర్లతో ఒక క్యారీబ్యాగు నిండింది. కొన్ని కంపెనీవి, కొన్ని ఎవరు వేశారో తెలీనివి. నలభై ఏళ్ళలో రావులపాలెంలో ఆ బండి మీద చెయ్యేసిన ప్రతి మెకానిక్కూ ఒక వైరు కలిపి వెళ్ళాడు గానీ ఒక్కడూ తీసిన పాపాన పోలేదు. బండి 1979 మోడల్. మొదట 6 వోల్టులది, మధ్యలో ఎప్పుడో 12కి మార్చారు. మార్చినవాళ్ళు పాత వైర్లు అలాగే ఉంచి వాటి పక్కనే కొత్తవి లాగారు. హెడ్‌లైటు డూము విప్పితే పేగులు బయటపడ్డట్టు పడ్డాయి. రంగుల్ని బట్టి పోల్చుకుందామంటే అన్నీ కలిసి ఒకే బురద రంగులోకి తిరిగాయి. ట్యాంకు కింద ఒకచోట వైరు మీది తొడుగు అరిగిపోయి, లోపలి రాగి ఫ్రేముకి రాసుకుంటోంది. పైన పదమూడు లీటర్ల పెట్రోలు.

అంచేత, తీయడం తప్పని ఈ వ్యాసంలో అనబోవడం లేదు. తీయాల్సిందే. ఏది తీశానన్నదే నా గొడవ.

కిక్కు కొట్టి స్టార్ట్ చేసే బండి నడవడానికి నిజంగా కావలసిన కరెంటు పని చాలా తక్కువ. ఆల్టర్నేటర్ పుట్టించిన కరెంటుని రెక్టిఫయర్ ఒకే దిక్కుకి మళ్ళిస్తుంది. అది బ్యాటరీకీ, తాళం మీదుగా కాయిల్‌కీ వెళ్తుంది. పాయింట్లు విడిపడిన క్షణంలో కాయిల్ ప్లగ్గుకి నిప్పురవ్వ పంపిస్తుంది. ఇంజను వరకూ కథ ఇంతే. మిగతాదంతా లైట్లూ, హారనూ, వాటి స్విచ్చులూ. ఈ బొమ్మ ఏ4 కాగితంలో సగానికి పట్టింది. పాత కోడ్‌లో నాలుగు వందల లైన్లు కొట్టేసి, టెస్టులన్నీ పాసైనప్పుడు కలిగే సంతోషం లాంటిది కలిగింది. (టెస్టులు ఎవరు రాశారు, దేనికోసం రాశారు అన్న ప్రశ్న ఆ సంతోషంలో తట్టదు. అదీ మా వృత్తిలో పాత జబ్బే.)

మొదలుపెట్టాక చెయ్యి ఆగలేదు. హెడ్‌లైటుకి రెండు పక్కలా ఉండే చిన్న పైలట్ లైట్లు పోయాయి. అంపియర్ మీటరు పోయింది. బ్రేకు స్విచ్చు అప్పటికే పని చెయ్యడం లేదు, కాబట్టి దాని వైరూ పోయింది. ఆఖరికి బ్యాటరీయే తీసేసి దాని స్థానంలో బొటనవేలంత కెపాసిటర్ పెట్టాను. ఇది నా తెలివేం కాదు. బ్యాటరీ లేకుండా బండి నడిపే ఈ పద్ధతిని లూకాస్ కంపెనీ ఎప్పుడో పోటీ బళ్ళ కోసం తయారుచేసింది. సీటు కింద ఆరు కిలోమీటర్లు చూసినా ఏమీ కనపడనంత ఖాళీ. ముందు ఇలా, తర్వాత ఇలా అని రెండు ఫొటోలు పెట్టాను. మెచ్చుకున్నవాళ్ళలో ఒక్కరు కూడా ఆ ఖాళీలోంచి ఏం పోయిందని అడగలేదు. నేనూ చెప్పలేదు.

తీసిన వాటిలో ఒక వైరు మాత్రం కాసేపు ఆలోచించేలా చేసింది. అది ఏ డయాగ్రమ్‌లోనూ లేదు. టెయిల్ లైటు దగ్గర చీలి, వెనక మడ్‌గార్డు లోపలి నుంచి కిందకి దిగి, నంబరు ప్లేటు దాటి, ఇంకా కిందకి పోయి, తుప్పు పట్టిన ఒక నట్టు దగ్గర ఆగిపోయింది. దాని చివర ఏమీ లేదు. ఎక్కడికీ పోని వైరు! అన్నిటికంటే ముందు దాన్నే కత్తిరించాను.

మూడో రోజు సాయంత్రం జొన్నాడ వెళ్ళి తిరిగొస్తున్నాను. గౌతమి వంతెన సగం దాటాక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పెద్ద విషయమేం కాదు, పెట్రోలు రిజర్వులోకి వచ్చింది. వంగి ట్యాంకు కింది కుళాయి తిప్పి, మళ్ళీ కిక్కు కొడితే సరి. అరనిమిషం పని. కాకపోతే బ్యాటరీ లేని బండికి ఇంజను ఆగితే లైటూ ఆగుతుంది. ముందుదీ వెనకదీ రెండూ. ఈ సంగతి నాకు తెలుసు. కాగితం మీద తెలుసు. వంతెన మీద, చీకట్లో, నల్లటి బండి మీద నల్లటి చొక్కాతో వంగి కుళాయి కోసం తడుముకుంటున్నప్పుడు మాత్రం గుర్తులేదు. వెనకనుంచి బ్రేకులు కీచుమన్నాయి, గాలి మొహానికి కొట్టింది, ఒక వ్యాను నా మోచేతి పక్కనుంచి వంకర తిరిగి పోయింది. వంతెన రెయిలింగు వైపు పోయి, సర్దుకుని, మళ్ళీ దారిలో పడింది. డ్రైవరు కిటికీలోంచి ఒకటే కేక: "లైటుండక్కర్లేదేంట్రా!"

వెనక సీట్లలో పిల్లలున్నట్టు కనపడింది. ఖాయంగా చెప్పలేను.

ఆ రాత్రి పెదనాన్నతో రిజర్వు మాట చెప్పాను గానీ వ్యాను మాట చెప్పలేదు. ఊరికే మాట కలపడానికన్నట్టు, ఆ ఎక్కడికీ పోని వైరు గురించి అడిగాను.

"అది తీసేశావా?" అన్నాడు.

"దాని చివర ఏమీ లేదు కదా."

"ఇప్పుడు లేదు. అప్పుడుండేది. గెలలేత్తే లైటు కనపడదు కదరా! కట్టిన గెలలు టెయిల్ లైటు మీదకి దిగిపోతాయి. తెల్లారగట్ల మార్కెట్టుకెళ్ళాలంటే హైవే ఎక్కాలి. వెనకాల వచ్చే లారీవోడికెలా తెలుత్తాది, ముందొక బండుందని? అందుకని కిందకి ఇంకో బల్బు ఏయించాను."

రావులపాలెం తెలియని వాళ్ళకి ఒక మాట. ఇది కోనసీమకి వాకిలి, అరటికాయల మార్కెట్టుకి పెట్టింది పేరు. చుట్టుపక్కల లంకల నుంచి కర్పూరం, చక్కెరకేళి, బొంత గెలలు ఇక్కడికొచ్చి లారీలెక్కి రాష్ట్రాలు దాటతాయి. సైకిలుకి రెండు పక్కలా గెలలు వేలాడదీసుకుని, మనిషి కనపడకుండా గెలలే నడిచొస్తున్నట్టు వచ్చే దృశ్యం చిన్నప్పుడు నేను రోజూ చూసిందే. ఊబలంక వైపు తోటలోంచి మా పెదనాన్న అలాగే బుల్లెట్ మీద తెచ్చేవాడు. ఇంత చూసినవాణ్ణి, ఆ వైరు ముందు కూర్చుని దాని చివర బల్బు లేదని మాత్రమే గమనించాను. గెలలు ఊహకి రాలేదు.

అప్పట్నుంచి ఆ క్యారీబ్యాగు ముందేసుకుని ఒక లెక్క వేస్తున్నాను. బండిలో వైర్లు రెండు రకాలు. కొన్ని నా కోసం పనిచేస్తాయి. వాటిలో ఏది తెగినా బండే నాకు చెప్తుంది: స్టార్ట్ కాదు, నిప్పురవ్వ రాదు, దారి కనపడదు. రెండో రకం పరాయివాళ్ళ కోసం పనిచేస్తాయి: టెయిల్ లైటు, బ్రేకు లైటు, కొంతవరకు హారను. ఇవి తెగితే బండి హాయిగా నడుస్తుంది. ఇంకా చెప్పాలంటే నడిపేవాడికి ఏ తేడా తెలీదు, ఎందుకంటే తన టెయిల్ లైటుని తను ఎన్నడూ చూడడు. "పనికిరాని వైరు" అన్నప్పుడు నేను అడగాల్సిన ప్రశ్న ఎవరి పనికి అని. నేనడిగింది నా పనికా కాదా అని. ఈ లెక్కన సరళం చేసుకుంటూ పోతే మొదట పోయేవి ఎప్పుడూ రెండో రకమే. ఎవరూ కుట్ర చెయ్యనక్కర్లేదు. సరళత దానంతటదే స్వార్థం వైపు వాలుతుంది.

ఈ నాజూకు బళ్ళ అందం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసినా ఇదే కనపడుతుంది. బాబర్, కేఫే రేసర్ అని మనం మోజు పడే ఆకారాలు పందెపు బళ్ళని చూసి వచ్చినవి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో మడ్‌గార్డులు కోసేసిన బళ్ళు, ఆ తర్వాత లండన్ ఏస్ కేఫే దగ్గర కుర్రాళ్ళ బళ్ళు, అన్నిటిలోనూ బరువు తగ్గించడమే సూత్రం. పందెంలో అది న్యాయం. అక్కడ అందరూ ఒకే దిక్కుకి పోతారు, గేదె అడ్డం రాదు, బడి నుంచి వచ్చే పిల్లలుండరు, గెలల సైకిలుండదు. అక్కడ వెనక ఉన్నవాడు పోటీదారు. హైవే మీద వెనక ఉన్నవాడు ఎవడో తెలీని మనిషి, నేను ఆగుతానో లేదో నా వెనక దీపాన్ని బట్టి నిర్ణయించుకోవాల్సిన మనిషి. పందెపు అందాన్ని తెచ్చి వంతెన మీద పెట్టాను నేను.

2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త టూవీలర్లకి హెడ్‌లైటు ఆర్పే వీలు లేకుండా చేశారు. ఇంజను నడుస్తున్నంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. కొన్ని నెలలపాటు ఎదురొచ్చేవాళ్ళంతా వేళ్ళు ముడిచి తెరిచి చూపిస్తూ, లైటు వెలుగుతోందని సైగలు చేస్తూ పోవడం గుర్తుందా? పట్టపగలు లైటు దండగ అని అందరి బాధ. మనకి దారి కనపడటానికే లైటు అనుకున్నాం కాబట్టి దండగ. మనం ఇతరులకి కనపడటానికి అనుకుంటే పట్టపగలు కూడా పనే. ఆ సైగ చేసినవాళ్ళని నేను వెక్కిరించడం లేదు. తనది కాని లైటు గురించి ఆగి చెప్పే మనిషే నాకు వంతెన మీద కావలసిన మనిషి.

నిరాడంబరత మీద నాకు ఈ మధ్య అనుమానం పెరగడానికి ఇంకో కారణం మా చుట్టాల్లోనే ఉన్నాడు. ఆయన సెల్‌ఫోను వాడడు. గొప్ప సాదా మనిషని అందరం చెప్పుకుంటాం. ఆయన కోసం వచ్చే ఫోన్లన్నీ పక్కింటావిడకి వస్తాయి. గ్యాసు బండ ఓటీపీ ఆవిడకే, పింఛను కబురు ఆవిడకే, మనవడి పుట్టినరోజు వీడియో కాల్ కూడా ఆవిడ ఫోన్లోనే. ఆయన జీవితంలోంచి తీసేసిన వైరు ఆవిడ ఇంట్లోంచి పోతోంది. ఆవిణ్ణి ఎవరూ సాదా మనిషి అనరు.

మోటార్‌సైకిలూ తత్వమూ అనగానే రాబర్ట్ పిర్సిగ్ 1974 నాటి పుస్తకం, 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్', గుర్తు రావడం సహజం. కాలేజీలో చదివినప్పుడు నాకు నచ్చింది బండిని సొంతంగా బాగు చేసుకునే మనిషి. ఈ సంఘటన తర్వాత మళ్ళీ తిరగేస్తే వేరేది పట్టుకుంది. కథ చెప్పే తండ్రి వెనక సీటు మీద కొడుకు క్రిస్ ఉంటాడు. ఇంజను శబ్దంలో ఏ చిన్న తేడా వచ్చినా పసిగట్టే తండ్రికి, వెనకున్న పిల్లాడికి దారంతా తన వీపు తప్ప ఏమీ కనపడలేదన్న సంగతి ఆఖరి పేజీల్లోగానీ తెలీదు. పిల్లాడు ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి తండ్రి భుజాల మీదుగా చూస్తాడు. అన్ని పేజీల శ్రద్ధలో ఆ ఒక్క శ్రద్ధ ఆలస్యంగా వచ్చింది.

బండి వైరింగు మళ్ళీ చేశాను. పాత చిక్కు తిరిగి పెట్టలేదు, అది ప్రమాదమే. బ్యాటరీ వచ్చింది, ఫ్యూజు వచ్చింది, బ్రేకు స్విచ్చు కొత్తది వచ్చింది. పాత బండికి ముందు బ్రేకు పట్టుకుంటే వెనక లైటు వెలిగే ఏర్పాటు లేదు, అది కూడా పెట్టాం. సగం కాగితం బొమ్మ ముప్పావు కాగితమైంది. గెలల బల్బు వైరు దగ్గర మాత్రం పేచీ వచ్చింది. సాయానికి వచ్చిన ఎలక్ట్రీషియను నవ్వాడు. "ఇదెందుకండి బాబూ? మీరేవన్నా గెలలు మోత్తారా?" మొయ్యను. ఆయన మాటకి నా దగ్గర జవాబు లేదు. అవసరం తీరిపోయిన జాగ్రత్తలన్నీ మోసుకుంటూ పోతే ఆ క్యారీబ్యాగంతా తిరిగి బండిలోకే వస్తుంది. వైరు పెట్టలేదు. పెట్టలేదని పెదనాన్నతో చెప్పాను. "నీకెందుకులే" అన్నాడు. అందులో నిష్ఠూరం ఉందో లేదో నాకు తెలీలేదు.

పనంతా అయ్యేసరికి చీకటి పడింది. బ్రేకు లైటు వెలుగుతోందో లేదో చూడాలి, బండి మీద కూర్చున్నవాడికి అది కనపడదు. పెదనాన్నని వెనక నిలబడమన్నాను. కర్ర ఆనించుకుని, లుంగీ సర్దుకుని, బండికి పదడుగుల దూరం వెళ్ళి నిలబడ్డాడు. కాలితో బ్రేకు తొక్కాను.

"వెలిగిందా?"

"వెలిగింది. చేతిది?"

లివరు పట్టుకున్నాను.

"ఏదీ, మళ్ళీ పట్టుకో" అన్నాడు, ఇంకో నాలుగడుగులు వెనక్కి నడుస్తూ.