ఇంటి గౌరవమా? సత్యమా?

నేరపరిశోధన కథలనిన మన యిండ్లలోని చదువరులకు మక్కువ యెక్కువ. పరిశోధకురాలు గొప్పయింటి ఆడుపడుచైనచో ఆ మక్కువ ఇనుమడించును. బారనెస్ ఆర్ట్సీ 1910లో ప్రకటించిన కథలలో లేడీ మాలీ యను కులీనస్త్రీ పోలీసు శాఖలో చేరి హత్యల చిక్కుముడులను విప్పును. చేయని హత్యకు శిక్షపడిన భర్తను నిర్దోషిగా నిరూపించుటయే ఆమె పరమోద్దేశము. 1989లో ఆస్ట్రేలియా రచయిత్రి కెర్రీ గ్రీన్‌వుడ్ సృష్టించిన ఫ్రైనీ ఫిషర్ 1920ల నాటి మెల్బోర్ను నగరమున స్వయముగా కారు నడుపుకొనుచు హంతకులను వెదకును.

ఇట్టి కథలు చదువదగునా, కాదా యను చర్చ మా కనవసరము. అవి మనసులో రేపు ప్రశ్న యొకటి గలదు; దానినే విచారింతము. కథానాయిక తఱచుగా పరుల యింటి రహస్యమును బయటపెట్టి మెప్పు పొందును. లేడీ మాలీ తన యింటి కొఱకే పాటుపడినను, ఆమెకు ప్రేమయు సత్యమును ఒక్క త్రోవనే నడచినవి. ఆ రెండును వేఱు త్రోవలు పట్టినచో నేమి? హత్య తన యింటనే జరిగి, దాని నిజము నడుగుట తనవారికే కంటగింపైనచో స్త్రీకి ధర్మమేది?

మన పూర్వులు ఈ ప్రశ్న రానిచ్చిరి కారు. మనుస్మృతి యెనిమిదవ అధ్యాయమున స్త్రీబుద్ధి అస్థిరము గావున, స్త్రీలు అనేకులైనను సాక్ష్యమునకు తగరని చెప్పబడినది. 1872 నాటి సాక్ష్యశాసనము ఈ భేదమును పాటింపలేదు. ప్రశ్నను గ్రహించి ఉత్తర మీయగల ప్రతి మనుష్యుడును సాక్షియే. స్త్రీయను కారణమున వకీలు వృత్తినుండి తొలగింపరాదని 1923లో మఱియొక శాసనమయ్యెను. శాసనము తలుపు తెఱచినది. అయినను ఇంటి గడప యొకటి మిగిలియున్నది.

కడప మండలమున, పులివెందులకు చేరువను, తుమ్మలపల్లె యను గ్రామము గలదు. అచ్చటి భూగర్భమున యురేనియము దొరకుటచే దాని పేరు దేశమంతట వినబడినది. వేరుసెనగ చేలు, చీనీతోటలు, అరటితోటలు గల ఆ మెట్టసీమకు చిరకాలముగా ముఠాకక్షల అపకీర్తియు గలదు. తండ్రి పడిపోయిన చోట కొడుకు వేటకొడవలి యెత్తుట పౌరుషమనియు, ఆడువారు లోపల ఏడ్చుట మర్యాద యనియు అచ్చట పలువురు నమ్ముచు వచ్చిరి.

ఆ సీమలోనే 2019 మార్చి 15వ తేదీని, పులివెందులలోని తన యింట, పూర్వము కడప లోకసభ సభ్యుడుగను రాష్ట్రమంత్రిగను ఉండిన వై. యస్. వివేకానందరెడ్డిగారు మృతులై కనబడిరి. గుండెపోటని మొదట వార్త పొక్కెను. శవపరీక్షలో పదునైన ఆయుధముల గాయములు తేలెను. అంతకు పూర్వము 1998లో వారి తండ్రి రాజారెడ్డిగారు బాంబుల దాడిలో హతులైరి. రక్తము చవిచూచిన యిల్లది.

వివేకానందరెడ్డిగారి కుమార్తె సునీతగారు వైద్యురాలు. ఆమె కొడవలి నెత్తలేదు, లోపల కూర్చుండి యేడ్వను లేదు, అర్జీ వ్రాసినది. 2020 మార్చిలో రాష్ట్రోన్నత న్యాయస్థానము దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించెను. తల్లియు తానును పెట్టుకొనిన అర్జీపై 2022 నవంబరు 29న సుప్రీముకోర్టు విచారణను హైదరాబాదునకు మార్చెను. ఆ కాలమున రాష్ట్రమునకు ముఖ్యమంత్రి ఆమె పెదతండ్రి కుమారుడు. ఎవరిపైనను దోషము మోపుటకు ఈ మాట చెప్పలేదు. ఆమె వేసిన అడుగు ఎంత కఠినమైనదో తెలియుటకే చెప్పితిమి.

ఇందుకు రెండు ఆక్షేపణలు కలవు. ఇంటిగుట్టు లంకకు చేటని మొదటిది. ఈ సామెతను మన పెద్దలు విభీషణుని దలచి చెప్పుదురు. కాని లంక చెడినది విభీషణుని మాటచేతనా, రావణుని చేతచేతనా? గాయమును చూపిన వైద్యుని గాయము చేసినవానితో సమానముగ నెంచుట న్యాయము కాదు. ఇల్లనగా గోడలును బిరుదులును కావు. అందు బ్రదికిన మనుష్యులు. చంపబడినవానిని మఱచి కాపాడుకొనిన గౌరవము ఇంటిది కాదు, బ్రదికియున్నవారి సౌకర్యము మాత్రమే.

రెండవ ఆక్షేపణ దీనికంటె బరువైనది. కోర్టు కెక్కుటయు పగ తీర్చుకొనుటయే కదా, ఆయుధము మాత్రమే మాఱినది కదా యని కొంద ఱందురు. అఱవదేశపు కణ్ణగి కథ నిచ్చట తలపవలెను. సంపన్న వర్తకుని కూతురగు ఆమె పాండ్యరాజు కొలువున కాలి యందెను పగులగొట్టెను. రాణి అందెలో ముత్యములు, ఆమె అందెలో మాణిక్యములు. భర్త దొంగ కాడని రుజువయ్యెను. అంతవఱకు ఆమె చేసినది సత్యాన్వేషణము. పిదప మధురను కాల్చుట పగ. రుజువునకును నిప్పునకును నడుమ నున్న గీటే న్యాయమునకును పగకును నడుమ నున్న గీటు. పగ తన కోపమునే సాక్షిగ నెంచును. న్యాయము కోరువారు తమ అనుమానమును సైతము పరుల పరీక్షకు ఒప్పగింతురు. ఎదుటివానికి మాటాడు హక్కు నిత్తురు. తీర్పు తమ కోరికకు విరుద్ధమైనను తల యొగ్గుటకు సిద్ధపడుదురు.

కావుననే పరిశోధకురాలి ధర్మమునకు హద్దును గలదు. కథలో కడపటి పుటయందు హంతకుడు తప్పక దొరకును. కథానాయిక వ్రేలు చూపినవాడే దోషి. లోకమున అట్లు కాదు. కూతురి నమ్మకము రుజువు కాదు. రుజువును వెదకుమని యడుగు హక్కు మాత్రమే. నేరస్థు డెవరని తేల్చుట న్యాయస్థానము పని. పత్రికలు చదువుకొను మనకు ఆ తొందర తగదు.

అయిన నడుగుట మాత్రము మన పనియే. యురేనియము కొఱకు తుమ్మలపల్లె నేలను లోతుగ త్రవ్వుట తప్పు కాదనుకొందుము. ఇంటిలోని యొక మరణమునకు కారణము త్రవ్వుట మాత్రము ఆడుదానికి తగదందుము. ప్రసిద్ధుల మరణముల సంగతి యటుంచుడు. మన వీధులలోనే స్టవు పేలి కోడలు పోయెననియు, కడుపునొప్పి కోర్వలేక బావిలో పడెననియు చెప్పగా విని, తలయూచి, పదునొకండవ దినమున భోజనము చేసి వచ్చిన వారము మనలో పెక్కండ్రము. ఆ యిండ్లకు సంపన్నురాలగు కూతురు లేదు, పెద్ద వకీలు లేడు. అట్టిచోట మొదటి ప్రశ్న పొరుగింటి యిల్లాలిదే కావలయును.

సోదరీమణులారా, మీ కూతుండ్రకు నేరపరిశోధన నవలలను నిరభ్యంతరముగ చదువనిండు. దానితో పాటు, మాటాడలేని మృతుని పక్షమున నిలిచి, కోపము లేక, భయము లేక, "ఇది యెట్లు జరిగినది?" అని అడుగుటయు నేర్పుడు.